ఈనెలు పైకొచ్చిన ఆకు

"మళ్ళీ చెప్తున్నా, ఇది పై ముడతే!" జాహ్నవి అరుపుకు తరగతి గది మారుమోగింది.

నాయనమ్మ హనుమాయమ్మ బెదరలేదు. కళ్ళు చికిలించి ఫోన్ తెరనే చూస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం. రెంటచింతలలో జాహ్నవి చదివే ఆరో తరగతి గదిలో రైతులకు పాఠం జరుగుతోంది. చెప్పేది కృపాదానం సార్. గోడ మీద నల్లటి గళ్ళ కార్డులున్నాయి. కార్డుకు ఎదురుగా ఫోన్ పట్టుకుంటే తెర మీద మిరపాకు లేచి నిలబడుతుంది. చూడబోతే ఆకు, పట్టుకోబోతే గాలి! ఆ ఆకుకు ఏం పట్టిందో ఫోనే పైకి చెబుతుంది. కార్డులు అతికించే పని సార్ జాహ్నవికి అప్పగించారు. పొద్దుటి నుంచీ ఆమె కాళ్ళు నేల మీద లేవు.

"పై ముడతైతే ఆకు పడవలాగా పైకి ముడుచుకోవాలమ్మే. ఇదేంది, పడవను బోర్లించినట్టుంది? ఈనెలు కూడా పైకొచ్చినయ్," అంది నాయనమ్మ.

"ఫోన్ పై ముడతంటుంటే మధ్యలో నీ గోలేంది? సంతకం పెట్టడం రాదు గానీ ఫోన్‌కే పాఠం చెప్తావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. హనుమాయమ్మ ముఖం కందిపోయింది.

"ఏమే! నలభై ఏళ్ళు మిరపచేలో నడుం వంచినదాన్ని. నన్నా ఆ మాటనేది? ఆ ఫోన్‌నే అడుక్కో పో!" విసురుగా కొంగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గరి యల్లమంద తాత లేచాడు. "బోర్లా ముడుచుకుంటే పై ముడతన్నమాట. నా చేనంతా అట్టాగే ఉంది. ఇప్పుడే పోయి దానికి మందు కొట్టిస్తా," అంటూ బయల్దేరాడు.

వెనక వరుసలో ఒకరి ఫోన్‌లో యాప్ ఎక్కిస్తున్న సార్ ఇదేమీ గమనించలేదు. కాసేపటికి అందరికీ టీ ఇచ్చారు.

జాహ్నవికి మాత్రం కోపం దిగలేదు. అంతమందిలో తనను కాదంటుందా! ఆ కార్డు అంచు ఊడి వేలాడుతుంటే, నాయనమ్మ మీది కోపమంతా దాని మీద చూపి పీకింది. మూలన చిన్న బాణం గుర్తు కనిపించింది. బాణం పైకి ఉండాలని సార్ పొద్దున్న రెండుసార్లు చెప్పారు. ఇది నేలను చూస్తోంది.

కార్డు తిప్పి, ఫోన్ పట్టుకుని చూసింది. ఆకు పడవలా నిలిచింది. ఈనెలు కిందికి పోయాయి.

ఇప్పుడు ఆ కోపం తన మీదికే తిరిగింది. కార్డు సరిగ్గా అతికించేస్తే ఎవరికీ తెలియదు. కానీ యల్లమంద తాత? ఆకు బోర్లా ముడుచుకుంటే అది కింది ముడత. పై ముడతనూ కింది ముడతనూ తెచ్చే పురుగులు వేరు, వాటి మందులు వేరు.

జాహ్నవి పరుగు తీసింది. చేనిగట్టున తాత మందు సీసా మూత తిప్పుతున్నాడు.

"తాతా, కలపొద్దు! నీ చేలోది కింది ముడత!"

"ఇందాక గొంతు చించుకుని అరిచింది నువ్వే గదే?"

"కార్డు నేనే తలకిందులుగా అతికించా. మా నాయనమ్మ చెప్పిందే నిజం."

తాత సీసాను ఠక్కున గట్టు మీద పెట్టాడు. "ఈ చేను పోతే నేనేం తినాలే? ముసలిదాన్ని తిట్టేటప్పుడు ఊరంతా వినాలి, తప్పు ఒప్పుకునేటప్పుడు నాకొక్కడికే వినపడాలా?"

జాహ్నవి తల వంచుకుని ఇంటికి నడిచింది. నాయనమ్మ మిరపకాయల తొడిమలు తుంచుతోంది. ఒక్కో తొడిమా టక్కు టక్కున తెగుతోంది.

"నాయనమ్మా, క్లాసుకి రా."

"సంతకం రానిదాన్ని, నేనెందుకు?"

జాహ్నవి ఆమె ఎదురుగా కూర్చుంది. "తప్పు నాది. అందరి ముందూ చెప్పాలి. నువ్వు లేకుండా చెబితే ఎట్టా?"

హనుమాయమ్మ లేచింది. చేతులు కడుక్కుని, మనవరాలి కంటే ముందే, చరచరా బడివైపు నడిచింది.

టీ గ్లాసులు ఇంకా బల్లల మీదే ఉన్నాయి. జాహ్నవి కార్డును బాణం పైకి ఉండేలా అతికించి, ఫోన్ పట్టుకుని అందరి ఎదుటా నిలబడింది. "తప్పు ఫోన్‌ది కాదు, నాయనమ్మది కాదు. కార్డు తలకిందులు పెట్టింది నేను. నాయనమ్మ కనిపెట్టింది, నేను విననేలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ నోరు తెరవబోయారు. అంతలో జాహ్నవి నాయనమ్మ వైపు తిరిగింది.

"ఈ ఆకు సంగతి నువ్వు చెప్పు, నాయనమ్మా. నేనూ నేర్చుకుంటా."

హనుమాయమ్మ ముఖంలో నవ్వు లేదు. కానీ లేచి ముందుకొచ్చింది.

"ఫోన్ అట్టా దించితే ఎట్టా? వెనకున్నోళ్ళకి కనపడొద్దూ?"

జాహ్నవి రెండు చేతులతో ఫోన్‌ను పైకెత్తి పట్టుకుంది.