లుంగీలో ఇసుక

జాన్‌బాషా జగ్గయ్యపేటలో సిమెంటు లారీ ఎక్కి నలభై ఏళ్ళు తిరిగాడు. లారీ దిగి పన్నెండేళ్ళయినా ఆయన నోరు మాత్రం ఇంకా టాప్ గేరులోనే ఉంది. ఆ ఉదయం కూడా వరండాలో టీ గ్లాసు పట్టుకుని, పాలు పోసే వీరరాఘవయ్య దగ్గర సముద్రం కథ ఎత్తుకున్నాడు.

"కాకినాడలో అల వచ్చి ఒక్క బస్తా లాక్కుపోయింది రాఘవయ్యా. తెల్లారేసరికి అది గట్టిపడి దీవయింది. దాని మీద కొంగలు గుడ్లు కూడా పెట్టాయి!"

"పొదిగింది నువ్వేనా?" అని నవ్వుకుంటూ వీరరాఘవయ్య క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

గడప మీద కూర్చున్న జాన్‌బాషా భార్య హసన్‌బీ మాత్రం నవ్వలేదు. నిన్న నందిగామ కంటి డాక్టరు అన్న మాట ఆమె చెవిలోనే ఉంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో దానికీ నరం ఎండిపోతోంది, ఇంకో ఏడాది చూపు నిలిస్తే గొప్ప.

"ఏమయ్యా, నన్ను ఆ సముద్రానికి తీసుకెళ్ళు. కన్నుండగానే చూస్తా," అంది.

జాన్‌బాషా గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఇప్పుడా? ఎండలు... నీ మోకాళ్ళు..."

"నేను కారు మాట్లాడతా నాన్నా," అంటూ కొడుకు సైఫుల్లా లోపలి నుంచి వచ్చాడు. "బందరు దగ్గర మంగినపూడి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తాం."

"వద్దన్నానా! సముద్రంలో ఏముంది, ఉప్పునీళ్ళు!"

"ఇన్నేళ్ళూ దీవులూ ఏనుగంత చేపలూ అని ఊదరగొట్టి, ఇప్పుడు ఉప్పునీళ్ళా?" సైఫుల్లా గొంతు లేచింది. "అమ్మ బెజవాడ దాటి ఎరగదు. ఆమె కోసం ఒక్క రోజు నీకు బరువైందా?"

జాన్‌బాషా తల వంచుకున్నాడు. కడుపులో ఎన్నాళ్ళుగానో మూటగట్టి ఉంచుకున్నది ఇక ఆగలేదు.

"నేను చూళ్ళేదురా."

"ఏంటి?"

"సముద్రం. విశాఖ, కాకినాడ, బందరు... ఎక్కడికెళ్ళినా గోడౌను గేటే చూశా. లోడు దించడం, ఇంకో లోడు ఎత్తుకోవడం. వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఇంటికొస్తే మీ అమ్మ అన్నం పెట్టి, ఏం చూశావయ్యా అని అడిగేది. ఏం చెప్పను? గేటు చూశాననా?"

హసన్‌బీ కొంగుతో కన్ను తుడుచుకుని, "నాకు తెలుసులేవయ్యా," అంది.

"తెలుసా!"

"నీ లుంగీలు ఉతికిందెవరు? సముద్రం చూసొచ్చిన మనిషి మడతల్లో చిటికెడు ఇసుకన్నా ఉండొద్దా? నలభై ఏళ్ళు దులిపా. సిమెంటు తప్ప ఏం రాల్లేదు."

"మరి ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే కథలు ఆపేస్తావని. నేను ఊళ్ళు తిరిగింది నీ మాటల్లోనేగా."

మర్నాడు మంగినపూడిలో ఇసుక దిబ్బ దాటేసరికి ఎదురుగా నేల అయిపోయింది. అటు చివర లేదు, ఇటు చివర లేదు. ఎక్కడో పుట్టిన నీళ్ళు పొర్లుకుంటూ వచ్చి, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నట్టు వాళ్ళిద్దరి పాదాలనూ పట్టుకున్నాయి. హసన్‌బీ ఒంటికన్నుతోనే అంతా తాగేస్తున్నట్టు చూసింది. జాన్‌బాషా ఆమె చెయ్యి పట్టుకుని ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, కథ చెప్పవేం?"

"హసనూ... నేను ఎన్ని కోతలు కోసినా తక్కువే కోశానే," అన్నాడాయన.

తెల్లారి కోడలు ముంతాజ్ ఆయన సముద్రానికి కట్టుకెళ్ళిన లుంగీని వాషింగ్ మెషిన్‌లో వెయ్యబోతే హసన్‌బీ లాక్కుంది. పెరట్లో బండ మీద విదిలించింది. జలజలా ఇసుక రాలింది. వంగి వేళ్ళతో తడిమింది. చూపు పోయినా ఇది తెలుస్తుంది. కొంచెం తీసి కొంగుకొసన ముడి వేసుకుని వరండాలోకి వచ్చింది.

"ఇప్పుడు చెప్పవయ్యా," అంది మొగుడి పక్కన కూర్చుంటూ. "ఆ కొంగలు పెట్టిన గుడ్లు ఏమయ్యాయి?"