మెప్పుకంటె

పొన్నూరు పొలిమేరలో పదంతస్తుల తమలపాకు తోటలు లేచిన కాలం అది. నీళ్లు పెట్టడం, నీడ పట్టడం, కట్టలు కట్టడం యంత్రాల పని. లేతాకును చిరగకుండా గిల్లడం మాత్రం 2080 నాటికీ మనిషి వేళ్లకే చేతనవుతోంది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయేదాకా కోదండం అక్కడే ఆకు కోసేవాడు.

ఇప్పుడు అతని మెడకు వెండిరంగు కంటె ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి మెప్పుకంటె అని పేరు పెట్టింది. మెడలోంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడికి అది సన్నని విద్యుత్ స్పందన పంపుతుంది. చెయ్యి సరిగా కదిలిన క్షణంలోనే ఆ స్పందన అందితే, మెదడు ఆ కదలికను దాచుకుంటుంది. అందకపోతే జారవిడుస్తుంది. ఏది సరైన కదలికో మొదట్లో కంప్యూటరే నిర్ణయించేది. రోగి పడే కష్టం దానికి అర్థమయ్యేది కాదు. అది ప్రేమించేవాళ్లకే తెలుస్తుందని నమ్మి, హైమవతి ఆ స్పందన పంపే మీటను ఇంట్లోవాళ్ల చేతికిచ్చింది. కోదండం మీట అతని భార్య వరాలు దగ్గర ఉంది.

ఆ రోజు హైమవతి గదిలో జరిగిన పరీక్షలో కోదండం గ్లాసెత్తి నీళ్లు తాగాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ములక్కాడ పీచు కూడా తీశాడు. కానీ పైవరస ఆకు కోయాలంటే చెయ్యి భుజం దాటాలి. అది దాటడం లేదు. ఇంకా ఆలస్యమైతే అతని పని వేరొకరికి ఇస్తామని తోటవాళ్లు కబురు పెట్టారు.

"కండరంలో లోపమా?" అని హైమవతి పరీక్ష యంత్రాన్ని అడిగింది.

"లేదు. నాడిలోనూ లేదు. చెయ్యి చాలాసార్లు పైకి లేవబోయింది. ఒక్కసారీ మెప్పు అందలేదు," అంది యంత్రం.

కోదండం భార్యవైపు తిరిగాడు. "నొక్కుతున్నానన్నావు గదే?"

వరాలు బుకాయించలేదు. డాక్టరుకే జవాబు చెప్పింది.

"ముద్ద కలిపినప్పుడు నొక్కానమ్మా. నేను నిద్దరపోయాననుకుని దుప్పటి కప్పుతాడు, అప్పుడు దుప్పటి కిందనుంచే నొక్కాను. ఈ చెయ్యి అంతకన్నా పైకి లేస్తే ఏం చేసుద్దో నా చెంపకు తెలుసు. పెళ్లయిన కాణ్ణించీ తెలుసు."



"నిన్ను నమ్మి నా చెయ్యి నీకప్పగించాను గదే," అన్నాడు కోదండం. అతని గొంతులో కోపం లేదు. నడుస్తూ నడుస్తూ కాలికింద మెట్టు లేదని తెలిసినవాడిలా ఉన్నాడు.

కోపం వచ్చింది హైమవతికి. తను ప్రేమను నమ్మి చేసిన పనికి ఈమె వెన్నుపోటు పొడిచిందనిపించింది. వైద్యం శిక్ష కాకూడదని చెప్పి మీట అడిగింది. వరాలు మారుమాట లేకుండా ఇచ్చేసింది. ఇకమీదట మెప్పు తనే ఇస్తానంది హైమవతి. మళ్లీ భార్యమీద చెయ్యి చేసుకుంటే పోలీసులకు చెబుతానని కోదండాన్ని హెచ్చరించింది. అతను తలవంచుకుని సరేనన్నాడు.

"ఏదీ, ఎత్తండి."

కోదండం బలమంతా కూడగట్టుకున్నాడు. చెయ్యి వణుకుతూ లేచింది. భుజం దాటింది. చెవి దాటింది.

వరాలు మోచెయ్యి దానంతటదే ముఖానికి అడ్డం వచ్చింది. ఆమె గోడకు ఒదిగిపోయింది. హైమవతి అది చూసింది. కానీ ఇన్నాళ్లూ ఎదురుచూసిన కదలిక కళ్లబడిన సంతోషంలో ఆమె బొటనవేలు అప్పటికే మీట నొక్కేసింది.

కంటె సన్నగా అదిరింది. మెప్పు అందిందని యంత్రం చెప్పింది.

కోదండం చూపు భార్య మోచేతి దగ్గర ఆగిపోయింది. లేచిన చేతిని గబుక్కున దించి, ఎడంచేత్తో ఒళ్లో అదిమి పట్టుకున్నాడు.

వరాలు పైట సర్దుకుని దగ్గరకు వచ్చింది. హైమవతి చేతిలోని మీటను ఇటూ అటూ తిప్పి చూసింది.

"నేర్చింది మరిపించేది ఏ వైపున ఉందమ్మా?" అని అడిగింది.

హైమవతి అలాంటిది తయారుచేయలేదు.