శివారు ఇంటి తూము

సువార్త అగరొత్తి వెలిగించి తూముకి జానెడు దూరంలో పట్టుకుంది. పొగ నిటారుగా లేచి కప్పుదాకా పోయింది. తన ఊపిరి తగిలితే పరీక్ష పాడవుతుందని మొహం పక్కకి తిప్పుకుని ఇంకాసేపు చూసింది. పొగ ఎటూ వంగలేదు. తూము జల్లెడకి కట్టిన ఎర్రటి పేలిక, ఆరేసి మరిచిపోయిన బట్టలా వేలాడుతోంది.

గాదెలో ప్రతి ఇంట్లోనూ అలాంటి పేలిక ఒకటుంటుంది. బిడ్డ పుడితే మొదట తొడిగిన చొక్కా చింపి తూముకి కడతారు. అది ఊగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ పైకి చూడరు. ఆగిందంటే మాత్రం వండుతున్న చెయ్యి కూడా ఆగిపోతుంది.

"ఏడో గాదె, పడమటి పిల్లకాలవ, శివారు ఇల్లు. తెగులు చెప్పండి," అంది ఆమె చెవిబిళ్ళలోంచి ఆనకట్ట.

"చూస్తున్నాను."

"నిదానంగా చూడండి. తప్పు చెప్పకండి."

ఆనకట్ట ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడుతుంది. మర్యాద దాని సొత్తేమీ కాదు, కట్టినవాళ్ళు నేర్పింది. డెల్టా మీదికి ఉప్పు ఎక్కి, బయటి గాలి గుండెల్లో నిలవకుండా పోయాక, ఒకప్పుడు కాలవల మీద పనిచేసినవాళ్ళే ఇళ్ళన్నీ ఒకే కప్పు కింద మూసి ఈ గాదెల్ని కట్టారు. చేతికి కొత్త పని వచ్చినా నోటికి పాత మాటలే వచ్చాయి. గాలిని తోసే పంకాల ఇంటినీ, దాన్ని నడిపే యంత్రాన్నీ ఆనకట్ట అన్నారు, రేకు గొట్టాలని కాలవలన్నారు, ఇంట్లోకి గాలి వచ్చే కన్నాన్ని తూమన్నారు. గాలి ఆఖరున అందే ఇల్లు శివారు. తెగులు పట్టుకునే మనిషి లస్కరు. నీళ్ళు పోయినా శివారువాళ్ళ ఏడుపు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఇంటావిడ మంగతాయారు, కొంగుతో కూతురికి విసురుతూ కూర్చుంది. కూతురు జాజికి ఏడేళ్ళుంటాయి. చాప తూము కిందే వేశారు కానీ పిల్ల చాప మీద లేదు. గోడ వారకి దొర్లుకుపోయి, చెంప గోడకి ఆనించి, నోరు తెరుచుకుని రొప్పుతోంది.

"చూడండి లస్కరుగారూ, తూము కింద పడుకోబెడతానా, మళ్ళీ అక్కడికే ఎల్లిపోద్దండి," అంది మంగతాయారు. "పొద్దున్నుంచి ఎన్నిసార్లు లాక్కొచ్చానో."

"గోడ చల్లగా ఉందమ్మా," అంది జాజి.

"జొరం దానికి. అన్నీ చల్లగానే ఉంటాయి."

సువార్త పిల్ల నుదురు ముట్టుకుంది. నిజంగానే కాలుతోంది. జ్వరమే అనుకుని లేచింది. ఆ క్షణాన గోడని కూడా ముట్టుకుని ఉంటే, వాళ్ళకి ఒక పూట కలిసొచ్చేది.

ఆనకట్ట రెండే తెగుళ్ళని గుర్తిస్తుంది. ఒకటి పూడిక: గొట్టంలో దుమ్ము పేరుకుంటే శుభ్రం చేసేవాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు వస్తారు. రెండోది గండి: గొట్టం ఎక్కడైనా విచ్చితే ఆ పిల్లకాలవ మొత్తానికి గాలి కట్టేసి, బాగుచేసేదాకా అందరినీ గాదె బయట రేకుల వరసలోకి పంపుతారు. రేకుల సందుల్లోంచి ఉప్పుగాలి లోపలికి వస్తుంది. గట్టి గుండెలవాళ్ళు దగ్గుతూ తిరిగొస్తారు. జాజి తిరిగి రాదు. అది మంగతాయారుకీ తెలుసు, అందుకే ఆమె కళ్ళు సువార్త పెదాల మీదే ఉన్నాయి.

"పూడికే కదండీ?"

"చూడనీ తల్లీ."

సువార్త జల్లెడ ఊడదీసి, మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్ళకి పల్చటి దుమ్ము తప్ప ఇంకేమీ తగల్లేదు. అద్దం ముక్క పెట్టి దీపం వేసి చూసింది. గొట్టం ఖాళీగా, శుభ్రంగా ఉంది. అంటే పూడిక కాదు. గొట్టానికి ఆనించిన ఒత్తిడి మీటరు ముల్లు అడుగున పడుకుని కదల్లేదు.

"మా వరసలో అందరూ వదులుతున్నారండి," అంది మంగతాయారు, గొంతు తగ్గించి. "అయినా అందట్లేదు. మేం చేసుకున్న పాపం ఏంటో."

వంతు వదలడం గాదెలో నేరం. అయినా అన్ని వరసల్లోనూ ఉంది. శివారు ఇంట్లో పసిబిడ్డో, జబ్బుమనిషో ఉంటే పైనున్న ఇళ్ళవాళ్ళు పగలంతా తమ తూములు మూసుకుంటారు, ఆ గాలి కిందికి పోతుందని. లస్కర్లు చూసీ చూడనట్టు పోతారు. ఆనకట్ట పెట్టిన నియమాల్లో మనుషులు చేసుకున్న ఒకే ఒక్క సందు అది. దాన్ని కూడా మూసేసేటంత రాయి సువార్త కాదు.

నడవలోకి వచ్చి, గాలి వచ్చే దిక్కుగా పైకి నడవడం మొదలుపెట్టింది. పక్కింట్లో తూముకి పాత చీర మడతపెట్టి కుక్కారు. ఆ పైఇంట్లో దిండు. ఇంకో ఇంట్లో గోనెపట్టా, దాని మీద మేకులు. ఇంటాయన బనీను కూడా లేకుండా చెమటలో తడిసి కూర్చుని ఉన్నాడు.

"మా ఇంట్లో ఒక్క పిసరు కూడా రానివ్వట్లేదండి," అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. "మొత్తం పిల్లకే. ఎలాగుందండి ఇయ్యాల?"

"అలాగే ఉంది," అంది సువార్త.

పైకి వెళ్ళేకొద్దీ ముల్లు లేస్తోంది. అది సహజమే. కానీ లేవవలసిన దానికన్నా ఎక్కువ లేస్తోంది. గోడల్లోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు మొదలైంది. శివారు ఇంట్లో లేని గాలి ఇక్కడ ఇంత ఒత్తిడిగా ఉంటే, మధ్యలో ఏమవుతోంది? ఆమె నడక వేగం పెంచింది.

వరసకి మొదటి ఇల్లు బుల్లెమ్మది. తలుపు తియ్యగానే మొహానికి వేడి కొట్టింది. ముసలావిడ నేల మీద తడిగుడ్డ పరుచుకుని, దాని మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ ఇంటి తూము మూసిన తీరు వేరు. తుండుగుడ్డని బిగించి చుట్టి జల్లెడలోకి దూర్చి, అంచుల వెంట గంజి పులిమి ఉంది. అది ఆమె భర్త సూరన్న పని. నీళ్ళ కాలవ మీద లస్కరుగా చేసిన ఆఖరి మనిషి సూరన్న. ఈ వరసకి వంతు వదలడం నేర్పిందీ ఆయనే. కిందటి ఎండాకాలంలో, మూసిన తూము కింద, ఈ గదిలోనే పోయాడు. తియ్యమని అందరూ బతిమాలారట. శివారు పిల్ల బతకాలని ఒకటే మాట అన్నాడట.

"రా అమ్మాయ్. చర్చికెళ్ళే దానివి, చేతిలో అగరొత్తేంటి?" అంది బుల్లెమ్మ.

"పొగకి మతం లేదు మామ్మగారూ."

సువార్త ముల్లు చూసింది. ఎర్రగీత దాటి వణుకుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని, గోడా నేలా కలిసేచోట సన్నటి బీట దగ్గర అగరొత్తి పెట్టింది. పొగ ఎవరో ఊదినట్టు ఇవతలికి విసురుగా వచ్చింది. బీటకి చెంప ఆనించింది. చల్లగా తగిలింది.

అప్పుడు మొత్తం అర్థమైంది. అర్థమైనందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

"ఏం కనబడింది?" అంది బుల్లెమ్మ.

సువార్త లేవలేదు. "తాతగారు చెప్పింది నీళ్ళకి సరిపోద్ది మామ్మగారూ. పై తూములు మూస్తే నీళ్ళు కిందికి పోతాయి. గాలికి పల్లం తెలీదు. అందరూ మూసేసరికి గొట్టంలో ఉబ్బిపోయింది. ఉబ్బి ఉబ్బి అతుకులు విచ్చుకున్నాయి. మీరు వదిలిందంతా గోడల మధ్య సందులోకి పోతోంది."

"పిల్లకి?"

"అందట్లేదు."

ముసలావిడ చింతపండు గిన్నె పక్కకి జరిపింది. వేళ్ళు చీరకి తుడుచుకుంది.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళ నుంచండి."

"ఆయనున్నప్పుడేనా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్తే ఎవరికీ నష్టం లేదు. కానీ సువార్త ఇంతవరకూ తెగులు తప్పు చెప్పలేదు, నోరు ఆ దారినే పోయింది. "ఉన్నప్పుడేనండి."

బుల్లెమ్మ తూము వైపు చూసింది. సువార్త లేచి తుండుగుడ్డ మీద చెయ్యి వెయ్యబోయింది. ఒత్తిడి కొంచెమైనా దించాలి. ముసలావిడ ఆ చేతిని పట్టుకుంది.

"అది ముట్టుకోకు. దాన్ని తీస్తే ఆయన ఎందుకు పోయినట్టు? ఎల్లు తల్లీ. ఈ మాట ఇంకో ఇంట్లో అనకు."

"లస్కరు, తెగులు చెప్పండి," అంది ఆనకట్ట.

సువార్త నడవలో నిలబడిపోయింది. పూడిక అంటే శుభ్రం చేసేవాళ్ళు వచ్చేదాకా పిల్ల ఉండదు. గండి అంటే వరస మొత్తం రేకుల్లోకి. తూములన్నీ తెరిపించినా విచ్చిన అతుకులు విచ్చినట్టే ఉంటాయి. ఇంతమంది ఉక్కలో మగ్గుతూ వదిలిన గాలి, ఎవరూ లేని చీకటి సందులో బొద్దింకల మీద వీస్తోంది. ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం.

అప్పుడే కిందినుంచి మంగతాయారు కేక వినబడింది.

పరిగెత్తి వెళ్ళేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. తల్లి మళ్ళీ పిల్లని చాప మీదికి లాగుతోంది. జాజి అరచెయ్యి మాత్రం గోడని వదలడం లేదు.

"లాగకు," అంది సువార్త. ఈసారి పిల్ల పక్కనే కూర్చుని గోడ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఇందాక బీటలో తగిలిన చల్లదనమే. పొద్దున్నుంచీ పిల్ల చెబుతున్నది ఇదే. గాలి ఎక్కడో లేదు, పిల్ల చెంపకీ దానికీ మధ్య వేలెడు మందం అట్టగోడ ఉందంతే.

సువార్త వంటింటి గట్టు వైపు చూసింది. రోట్లో పచ్చడిబండ ఉంది.

"గోడండి అది," అంది మంగతాయారు, ఆమె చూపు ఎటుందో కనిపెట్టి. గాదె గోడ పగలగొట్టినవాళ్ళని రేకుల వరసకి పంపరు. పెద్ద తలుపు తీసి అవతలికి పంపుతారు, మళ్ళీ తెరవరు. తూము గుండా వచ్చే గాలినే ఆనకట్ట కొలవగలదు. గోడలోంచి వచ్చేదాన్ని కొలవలేదు, ఆపలేదు. కొలత లేని గాలి ఒక్క ఇంట్లో ఉన్నా గాదె నిలవదని దాని నమ్మకం.

"నువ్వు పిల్లని చూసుకో. కొట్టింది నేను," అంది సువార్త.

మొదటి దెబ్బకి సున్నం రాలింది. రెండో దెబ్బకి అట్ట లోపలికి విరిగింది. తుప్పువాసనతో, పాతదుమ్ముతో, తడిగా, చల్లగా గాలి వచ్చి పిల్ల జుట్టుని కదిపింది. పైన పేలిక కూడా కొద్దిగా కదిలింది. జాజి దగ్గింది. మళ్ళీ దగ్గి, ఒక పొడుగాటి ఊపిరి లోపలికి లాక్కుంది. మంగతాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"పడమటి పిల్లకాలవలో ఒత్తిడి పడింది," అంది ఆనకట్ట. "లస్కరు, గండి ఎక్కడ?"

సువార్త పచ్చడిబండ నేల మీద వదిలేసింది. ఈ గోడ సందు తూర్పు వరసదాకా ఒకటే. ఇక్కడ తీసింది అక్కడి బీటల్లో ఎంతో కొంత తగ్గుతుంది. తూర్పు వరసకీ ఒక శివారు ఇల్లుంది, ఆ ఇంట్లోనూ ఒక పేలిక ఉంది. అది తెలిసే కొట్టింది.

గుమ్మంలో అలికిడయింది. బుల్లెమ్మ గోడ పట్టుకుంటూ ఇంతదూరం నడిచొచ్చింది. చేతిలో తుండుగుడ్డ ఉంది, అంచుల్లో ఎండిన గంజి. పిల్లని చూసింది, కన్నాన్ని చూసింది. మెల్లిగా వంగి కన్నం దగ్గర చెయ్యి పెట్టింది.

"అమ్మాయ్, ఇందులో ఆయన వదిలింది ఉందా?"

కిందటి ఎండాకాలపు గాలి ఏనాడో పగుళ్ళ గుండా బయటి ఉప్పులో కలిసిపోయి ఉంటుంది. లస్కరు పని నేర్చుకున్న తొలిరోజునే చెప్పే సంగతి అది.

"ఉందండి," అంది సువార్త. "ఎక్కడికీ పోలేదు. మొత్తం గోడలోనే ఉంది."

బుల్లెమ్మ తల ఊపింది. తుండుగుడ్డతో పిల్ల మొహం తుడిచింది. తర్వాత నేల మీద పడున్న పచ్చడిబండ తీసుకుని, బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ, నడవలోకి వెళ్ళింది.

కాసేపటికి పైనుంచి దెబ్బ వినబడింది. ముసలి చేతి దెబ్బ, బలం లేనిది. మళ్ళీ ఇంకొకటి. నడవలో తలుపులు తెరుచుకున్నాయి, ఎవరో ఏమిటని అడిగారు, బుల్లెమ్మ గొంతు ఏదో చెప్పింది. ఆ తర్వాత దగ్గరి గోడ ఒకటి మోగింది, ఇంకా దగ్గరిది మరొకటి. వరసంతా మోగడం మొదలైంది.

"గండి ఎక్కడ?" అంది ఆనకట్ట. కాసేపు ఆగి మళ్ళీ అదే అడిగింది. మర్యాద తగ్గలేదు కానీ, ఈసారి ఏ వరసో చెప్పలేదు, ఏ ఇల్లో కూడా చెప్పలేదు.

సువార్త చెవిబిళ్ళ తీసి గోడ కన్నంలో పెట్టింది. మిగిలిన అగరొత్తి వెలిగించి నేల పగులులో గుచ్చింది. తనని పెద్ద తలుపు అవతలికి పంపేవాళ్ళు రావడానికి ఇంకా టైముంది. పిల్ల తల ఒళ్ళోకి తీసుకుని, పొగ ఎటు వంగుతోందో చూస్తూ కూర్చుంది.