పాత కాటా దగ్గర ఎక్కే మనిషి

అది శనివారం. రాత్రి ఎనిమిది గంటల పది నిమిషాలు. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటారా? ఆ క్షణంలో మా అత్తగారు బండిలో కూర్చుని, మీటరు మీద టార్చిలైటు వేసి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. గడియారం ఆ మీటరు పక్కనే ఉండేది.

అంతకంటే ముందు పాత కాటా సంగతి చెప్పాలి.

రాళ్ల క్వారీకి పోయే రోడ్డు మీద లారీలు తూచే కాటా ఒకటి ఉండేది. క్వారీ మూతపడ్డాక అదీ మూతపడింది. తలుపుల్లేని గది, రోడ్డుకి అడ్డంగా ఓ పక్కకి కుంగిన ఇనప పలక... అంతే మిగిలాయి. చీకటి పడ్డాక ఆ పలక మీదుగా బండి పోనిస్తే ఒక మనిషి బరువు పెరుగుతుందని డ్రైవర్లు చెప్పుకునేవారు. ఖాళీ బండి కూడా అక్కడ మూలుగుతుందట. ఎంత ఆలస్యమైనా సరే, చుట్టూ తిరిగి వేరే దారిన పోయేవారు.

మా మామగారు మాత్రం ఆ దారినే వచ్చేవారు. రోజూ.

నేను కోడలిగా ఈ ఇంటికి రాకముందు మాట ఇది. మా అత్తగారు నాతో ఒక్కసారే చెప్పారు — ప్రార్థన అయ్యాక, గొంతు బాగా తగ్గించి. దేవుడి ఎదుట విన్నది కనుక నా వైపు నుంచి ఒక్క ముక్క కలపను.

మా అత్తగారు రెండో భార్య. మొదటావిడ ఆ కాటా గదిలోనే పని చేసేవారు. లారీ పలక మీదికి వస్తే బరువు చూసి చీటీ రాసివ్వడం ఆవిడ పని. రాత్రి ఎనిమిదికి గది తాళం వేసి పలక పక్కన నిలబడేవారు. మామగారు ట్రక్కు ఆపితే ఎక్కి కూర్చుని ఇంటికి వచ్చేవారు. ఏదో జ్వరం వచ్చింది... నాలుగు రోజుల్లో పోయారు. మూడేళ్లు గడిచాక మా అత్తగారు కాపురానికి వచ్చారు.

ఇల్లు తనదే కానీ బండి తనది కాదని ఆవిడకి వారం తిరక్కుండానే అర్థమైందట.

మామగారు బండి తుడిస్తే ముందు పక్కసీటు వైపు అద్దమే తుడిచేవారు. ఆ సీటు గుంటపడింది, కొత్త స్పాంజి వేయిద్దామంటే, "బానే ఉందిగా" అనేవారు. ఆ గుంటలో కూర్చుంటే ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టు ఉండేదట.

దానికి తోడు ఈ కుదుపు.

గేర్లు తనంతట తానే మార్చుకునే రకం ట్రక్కు అది. పాతదైనా ఎక్కడా పేచీ పెట్టేది కాదు. కాటా పలక మీదికి రాగానే మాత్రం — వేగం చూపించే ముల్లు టప్పున సున్నాకి పడేది. ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బండి కుదిపి, కింది గేరుకి దిగి, ఇంజను గోల పెట్టేది. కొంత దూరం అలా మూలుక్కుంటూ పోయి... మళ్లీ మామూలే.

కుదుపు రాగానే మామగారు మెల్లగా అనేవారు —

"సర్దుకుని కూర్చో."

"ఎవరితో అంటున్నారు?"

"ఇంకెవరున్నారు? నీతోనే."

గంట నుంచీ సర్దుకునే కూర్చుని ఉన్నారావిడ.

"బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్నమ్మాయ్," అన్నారు నాతో. "పోయినదాన్ని ఏం పట్టుకుని అడగను? కూర వండితే ఆవిడా ఇలాగే వండేదా అనిపించేది. ఆయన తనలో తాను నవ్వుకుంటే ఎవరిని తలుచుకున్నారో అనిపించేది. ఒళ్లంతా మంట. నిద్ర పట్టేది కాదు."

చివరికి మామగారి చెల్లెలి భర్త దగ్గరికి వెళ్లారు. ఆయన మెకానిక్. అత్తగారికి వరసకి అన్నయ్య.

"అన్నయ్యా, మా బండిలో దెయ్యం ఎక్కుతోంది."

"ఎక్కితే ఎక్కింది. తోలడం లేదు కదా?" అని నవ్వి, చేతుల జిడ్డు గుడ్డకి తుడుచుకుంటూ అడిగారట — "ముందు ముల్లు పడుతోందా, ముందు కుదుపు వస్తోందా?"

"రెండూ ఒకేసారి..."

"కాదు చెల్లెమ్మా, రెప్పపాటు తేడా ఉంటుంది. గేర్‌బాక్సు వెనకాల ఒక సెన్సరు ఉంటుంది. బండి ఎంత వేగంగా పోతోందో అది కబురు పంపితేనే గేరు సరిగ్గా మారుతుంది. దాని వైరు తెగితే కబురు ఆగిపోతుంది. ముల్లు పడుతుంది. బండి నిలబడిపోయిందనుకుని గేరు దిగిపోతుంది, అప్పుడు కుదుపు. అలాక్కాకుండా ముల్లు నిలబడి ఉండగానే కుదిపిందనుకో, రోగం వేరే చోట ఉంది. చూసి చెప్పు."

ఆ మాటకి అత్తగారు తన లెక్క కలుపుకున్నారు. ఎక్కేది మనిషైతే ముందు బరువు పడాలి. అంటే కుదుపే ముందు రావాలి...

గురువారం రాత్రి ఒళ్లో టార్చి దాచుకుని మామగారి పక్కన కూర్చున్నారు. కాటా గది దగ్గరపడగానే వెలిగించారు. పలక దడదడమంది. ముల్లు పడింది. ఒక్క రెప్పపాటు... ఆ తర్వాత కుదుపు.

ముల్లే ముందు!

ఆ రాత్రి హాయిగా నిద్రపోయారట.

శనివారం పొద్దున్నే బండి షెడ్డుకి చేరింది. అన్నయ్య కిందికి దూరారు. వైరు చట్రానికి ఒరుసుకుని పైతోలు పోయి, లోపలి తీగ ఒక పోగు మీద వేలాడుతోంది. కుంగిన పలక మీద బండి వంగినప్పుడల్లా ఆ పోగు విడిపోతోంది.

"ఇదేనమ్మా నీ దెయ్యం. ఇంకెవరి బండీ కుదపలేదు. మీ బండిని చూసే ఊరంతా ఆ కథ పుట్టించారు..." అంటూనే ఆగిపోయారు. "అరె. దీని మీద నా టేపే ఉందే?"

"మీ టేపా?"

"రోజుకి పది బళ్లు చూస్తాను, మర్చేపోయాను. పోయినేడు నేనే చుట్టాను చెల్లెమ్మా. వైరు మార్చేద్దామంటే బావే వద్దన్నాడు. ఉండనియ్యమన్నాడు."

అంటే ఆయనకి తెలుసు. అది వైరేనని తెలిసీ... ఏడాదిగా సర్దుకుని కూర్చోమంటున్నారు.

"మార్చెయ్యండి అన్నయ్యా. ఇప్పుడే."

కొత్త వైరు, కొత్త సెన్సరు పడ్డాయి. మిట్టమధ్యాహ్నం అన్నయ్య ఆవిడని కూర్చోబెట్టుకుని మూడుసార్లు కాటా మీదుగా తిప్పారు. ముల్లు కదల్లేదు. గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియలేదు.

"పోవే, ఇక నడిచి పో అనుకున్నాను," అన్నారు అత్తగారు. "ఆ మాటకి దేవుడు నన్ను క్షమించాలి."

సాయంత్రం మామగారితో చెప్పారు — వైరు మార్పించానని. ఆయన "ఊఁ" అన్నారు.

ఇద్దరూ బండిలో వెళ్లి, సామాను దించి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. కాటా గది కనిపించింది. అత్తగారు టార్చి దాచలేదు, బాహాటంగానే మీటరు మీద వేశారు.

ముల్లు నలభై దగ్గర ఉంది.

ముందు చక్రాల కింద పలక దడదడమంది... నలభై. వెనక చక్రాలు ఎక్కాయి... నలభై. ఎనిమిదీ పది.

కుదుపు!

ముల్లు అక్కడే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. బండి మాత్రం ఒక్కసారి తటపటాయించి, ఎవరినో ఎక్కించుకున్నట్టు ముందుకి కదిలింది. సీటు గుంట ఇంకాస్త కుంగింది... కుంగిందో, తనే బిగుసుకుపోయారో.

"మీరు... యాక్సిలరేటరు మీంచి కాలు తీశారా?"

మామగారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"సర్దుకుని కూర్చో," అన్నారు.

"టార్చి ముల్లు మీదే వేశానమ్మాయ్," అంటూ నా చెయ్యి పట్టుకున్నారు అత్తగారు. "ఆయన కాలి మీద వెయ్యలేదు."

మర్నాడు ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే షెడ్డు తలుపు కొట్టారు.

"పాత వైరు ఉందా అన్నయ్యా?"

"చెత్తడబ్బాలో ఉంది. ఏం?"

"అదే మళ్లీ వేసెయ్యండి."

"మతి పోయిందా? నిక్షేపంలాంటి బండిని చెడగొట్టమంటావా?"

"వైరు చెడి ఉంటే వైరనుకుంటాను. బాగుంటే ఎవరనుకోను? ఆవిడైతే ఓర్చుకోలేను. ఈయన కాలైతే... అసలు ఓర్చుకోలేను."

అన్నయ్య ఆవిడ మొహం చూశారట. డబ్బాలోంచి వైరు ఏరి, దులిపి, ఆవిడతో ఇంటికి వచ్చి బండి కిందికి దూరారు. మామగారు ఎప్పుడు వెనకాలే వచ్చారో, చక్రం పక్కన కూర్చుని ఆయనకి లైటు పట్టారు. వైరు కలిపే చప్పుడు, టేపు చింపే చప్పుడు వినపడ్డాయి.

అప్పుడు అత్తగారు నేల మీద మోకాళ్లూని, బండి కిందికి వంగారు.

"మరీ గట్టిగా చుట్టకండి అన్నయ్యా," అన్నారు.