లేవని పెట్రోలు ముల్లు

మొదటి తూటా నాగేంద్రబాబు భుజానికి తగిలింది. రెండోది గొంతులో దిగింది. అమలాపురంలో తన ఆటో ఎలక్ట్రికల్ షాపులోనే, పట్టపగలు, అతను పాత బ్యాటరీల మీద కూలిపోయాడు. చేతిలోని టెస్ట్ ల్యాంపు మాత్రం వదల్లేదు. బల్ల మీద ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

ఆ వాయిస్ మెసేజ్ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఏజెంట్ దుర్గారావుకి చేరింది. నాగేంద్రబాబు అతని కింద పనిచేసే రహస్య మనిషి, రక్తసంబంధం లేకపోయినా అన్నయ్యా అనే పిలిచేవాడు.

"అన్నయ్యా, మహాలక్ష్మమ్మ గారు ఫోన్ చేసేరు. వాళ్ల అంబాసిడర్ పెట్రోలు ముల్లు లేవట్లేదంట. మొన్ననే బాగు చేసేను, మళ్లీ పోవడమేంటి? రేపు పొద్దున్నే వెళ్లి..."

తర్వాత రెండు పేలుళ్లు.

సెక్యూర్ లైన్లో చీఫ్ గొంతు పొడిగా వినిపించింది.

"బాడీ చూశావా?"

"చూశాను సార్."

"కోబాల్ట్ ముఠా పని. రేపు ఓడలరేవు దగ్గర కొత్త గ్యాస్ టెర్మినల్ ప్రారంభం, దాన్ని పేల్చాలని చూస్తున్నారు. స్థలమిచ్చిన మహాలక్ష్మమ్మ తన పాత అంబాసిడర్‌లో లోపలికి వెళ్తుంది, కంట్రోల్ రూమ్ దాకా. ఆవిడ ఇంటి దగ్గర మన మనిషి కళ్యాణి ఉంది. టెర్మినల్ చుట్టూ ఊళ్లున్నాయి, దుర్గారావ్."

"అర్థమైంది సార్."

దుర్గారావు టెస్ట్ ల్యాంపు తుడిచాడు. రక్తం పూర్తిగా పోలేదు. డిపార్ట్‌మెంట్ తయారుచేసిన వస్తువది. పిడిలో ఒకే ఒక్క తూటా ఉంటుంది. నాగేంద్రబాబుకి దాన్ని పేల్చే వ్యవధి దొరకలేదు.

మర్నాడు ఉదయం ఖాకీ చొక్కాలో, టూల్ బాక్సుతో మహాలక్ష్మమ్మ ఇంటికి వెళ్లాడు. వాకిట్లో కొబ్బరికాయల రాశి, పక్కనే కాయలు ఒలిచే గునపం మొన పైకి పెట్టి పాతి ఉంది. పెరటి వెనక రొయ్యల చెరువు. అంబాసిడర్ తెల్లగా మెరుస్తోంది.

కారు దగ్గర పట్టుచీరలో, నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని కళ్యాణి నిలబడి ఉంది. బయటికి ఈవెంట్ మేనేజర్. లోపల కోబాల్ట్ ముఠాలో చేరి డిపార్ట్‌మెంటుకి కబుర్లు అందించే మనిషి.

"గోదారి పోటు మీదుందా అండి?"

"పాటు మొదలైంది," అంది. కోడ్ సరిపోయింది.

మహాలక్ష్మమ్మ అరుగు దిగి వచ్చింది. "నాగేంద్రబాబు రాలేదేం నాయనా?"

"రాలేడండి," అన్నాడు దుర్గారావు.

తాళం తిప్పాడు. ముల్లు ఎంప్టీ దగ్గరే పడి ఉంది. అద్దం మీద వేలితో తట్టాడు. కదల్లేదు. మీటరు వెనక టెస్ట్ ల్యాంపు పెట్టాడు. వెలిగింది. కరెంటు వస్తోంది.

"పాత బండి కదండీ, ముల్లుతో పనేంటి?" అన్నాడు డ్రైవర్ సాయిబాబు. కళ్యాణి వారం క్రితం పెట్టించిన మనిషి. "రాత్రే ట్యాంకు నిండా కొట్టించేను."

"టైమవుతోంది," అంది కళ్యాణి. "అమ్మగారూ, ఎక్కండి. నేను వెనక కార్లో వస్తాను."

దుర్గారావు డిక్కీ తెరిచి, అడుగున ట్యాంకు మీదున్న వైరు ఊడదీసి కారు బాడీకి ఆనించాడు.

"ముల్లు చూడండమ్మా!"

"లేస్తోంది... ఆయ్, ఫుల్లు దాకా వచ్చేసింది!"

మీటరు మంచిదే. వైరు మంచిదే. ట్యాంకు లోపల తేలాల్సిన బెండుని ఏదో తొక్కిపట్టింది.

మహాలక్ష్మమ్మ కారు దిగి చూరులోంచి గీతలు పెట్టిన కొబ్బరి ఈనె లాగింది. "ముల్లుని మా ఇంట్లో ఎవరు నమ్మేరు? ఇది ముంచందే మా ఆయన బండి తియ్యనిచ్చేవారు కాదు." ట్యాంకు మూత తీసి ఈనె దించింది. మొహం ముడుచుకుంది. "ఇదేంటి, గీత దాకా దిగట్లేదు? గట్టిగా ఏదో అడ్డు తగుల్తోంది."

ముల్లు లేవకపోతే పాత బండే కదా అనుకుంటారని కోబాల్ట్ ముఠా ధీమా. ఈనె సంగతి వాళ్ల లెక్కలో లేదు.

"సాయీ!" అంది కళ్యాణి.

రెంచి దుర్గారావు పక్కటెముకల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినబడింది. రెండో దెబ్బకి వంగి తప్పుకుని, సాయిబాబు మోకాలి మీద బూటుకాలితో తన్నాడు. సాయిబాబు లేచి మీదికి దూకాడు. దుర్గారావు అతని చొక్కా పట్టుకుని, ఆ ఊపులోనే పక్కకి విసిరాడు. కొబ్బరికాయలు దొర్లాయి. సాయిబాబు గునపం మీద వెల్లకిలా పడ్డాడు. మొన ఛాతీలోంచి పైకి వచ్చింది.

కళ్యాణి పిస్టల్ మహాలక్ష్మమ్మ కణతకి ఆనింది.

"కదలకు. నీ తమ్ముడు కూడా ఇలాగే చూశాడు."

"షాపుకి నువ్వే వెళ్లావా?"

"ఈయమ్మ వాడికి ఫోన్ చేస్తుంటే సాయి విన్నాడు. ఏం చెయ్యమంటావు?"

మహాలక్ష్మమ్మ కళ్యాణి వైపు చూసింది. "ఆ పిల్లాణ్ణి చంపేవా?" అంది. చేతిలోని ఈనెని ఆమె కంట్లో గుచ్చింది.

పెట్రోలు మంటకి కళ్యాణి కెవ్వున అరిచింది. తూటా చూరులోకి పోయింది. దుర్గారావు టెస్ట్ ల్యాంపు ఎత్తి పిడి నొక్కాడు. నాగేంద్రబాబు వాడని తూటా ఆమె గొంతులో దిగింది.

ఆమె కారు చక్రానికి చేరబడి కూలిపోయింది. కొంగు చాటునున్న రిమోట్ నొక్కి, రక్తపు పెదాలతో నవ్వింది. "టైము... చూసుకో."

దుర్గారావు ట్యాంకు మీది మరలు విప్పాడు. వేళ్లు జారుతున్నాయి. బెండుని పక్కకి లాగి చెయ్యి లోపలికి పెట్టాడు. రబ్బరు తొడిగిన డబ్బా పైకి వచ్చింది. గాజు కిటికీలో అంకెలు తగ్గిపోతున్నాయి. ఒక చేత్తో పక్కటెముకలు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. బలమంతా కూడగట్టి విసిరాడు.

డబ్బా నీళ్లలో మునిగిన మరుక్షణం చెరువు పైకి లేచింది. ఇంటి పెంకులు రాలాయి. బురద, రొయ్యలు వాకిలంతా వాన కురిసినట్టు పడ్డాయి.

పోలీసులు వచ్చి శవాలు తీసుకెళ్లారు. టెర్మినల్ ప్రారంభం వాయిదా పడింది. దుర్గారావు బెండుని సరిచేసి, మరలు బిగించి, వైరు తగిలించాడు.

"ఇప్పుడెక్కడికి నాయనా?" అంది మహాలక్ష్మమ్మ.

"ఐ.పోలవరం వెళ్లాలండి. నాగేంద్రబాబు వాళ్లమ్మ వీరాయమ్మ గారికి కబురు చెప్పాలి. ఫోన్లో చెప్పే మాట కాదు."

మహాలక్ష్మమ్మ తన జుట్టులో ఇరుక్కున్న రొయ్యని తీసి పారేసింది. "ఈ బండిలోనే వెళ్లు. వాడు బాగు చేసిన బండి. ముల్లు లేచిందా?"

"ఆయ్, లేచిందండి. ఫుల్లు చూపిస్తోంది."

"మంచిది," అంటూ ఆవిడ చూరులోంచి ఇంకో ఈనె లాగి ఇచ్చింది. "అయినా ఓసారి ముంచి చూసుకుని బయల్దేరు."