మార్యా మామ్మ పొయ్యి ఆర్పిన మూడు రోజులు

"మూడో రోజు కూడా ఒక్క మచ్చ లేదు హైమగారూ! ఇంత శుభ్రమైన గాలి నా సర్వీసులో చూళ్లేదు" అని భానోజీ పొంగిపోయాడు.

నిజమే. సైబీరియా ఉత్తరపు అంచున, ఆ గాలి పరిశీలన కేంద్రంలో గోడంతా పరుచుకున్న ఊపిరిపటం పచ్చగా మెరుస్తోంది. కరుగుతున్న నేల ఎక్కడ మీథేన్ వదిలినా, పైన తిరిగే చిన్న విమానం, వాయుశోధిని, పసిగడుతుంది. గంటలో పూడ్పుయంత్రాలు వెళ్లి ఆ చోటు మూసేస్తాయి. లోకమంతా పొద్దున్నే వాతావరణ వార్తల కంటే ముందు ఈ పటమే చూస్తుంది. పోయిన వారందాకా శోధినిని హైమే లోపల కూర్చుని నడిపేది, రోజుకొక గంట. ఈ సోమవారం నుంచి అది మనిషి లేకుండా, కిందికి దిగకుండా తిరుగుతోంది. ఇంకేం, మహారాజుల్లా కూర్చుని చూడటమే!

కానీ హైమ మనసు మనసులో లేదు. నది మలుపు దగ్గర ఒక బూడిదచుక్క ఉండాలి. అది ఉపగ్రహం పట్టి చూపే మార్యా మామ్మ పొయ్యి పొగ. మంచుదుప్పులు మేపుకునే ఆ ముసలావిడ అక్కడ ఒంటరిగా ఉంటుంది.

"ఆ చుక్క ఎప్పుడు పోయింది?"

"సోమవారమే. మంచిదే కదండీ?"

"బయట మైనస్ ముప్పై. మంచిదేమిటి, నా మొహం!" అంటూ హైమ మంచుబండి తాళం అందుకుంది.

గుడిసె తలుపు తీస్తే లోపల కెటిల్‌లో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. తోళ్ల కుప్పలోంచి మార్యా మామ్మ నీలిపెదవులతో చూసింది. హైమకు పోయిన ప్రాణం లేచొచ్చింది. హైమ మెడలో వేలాడే అనువాదయంత్రం, మాటవంతెన, ముసలమ్మ భాషను హైమ సొంత శ్రీకాకుళం యాసలోకి మార్చి పలికింది.

"ఏటే పిల్లా, నువ్విక్కడున్నావేటి?"

"పొయ్యెందుకు ఆర్పేసినావు మామ్మా? కట్టెలు అయిపోనాయా?"

"కట్టెలకేటి, బోల్డున్నాయి. పైన మోత ఇనబడినంతసేపూ పొయ్యి ఎలిగించకు, నీ పొగకి నా గాలి లెక్క పాడైపోద్దని నువ్వే కదేటి సెప్పినావు? ఈపాలి మోత ఆగనేదు. పిల్ల ఏదో పెద్ద పనిలో ఉందనుకున్నాను."

నిరుడు తాను చెప్పిన మాటే. ఒక్క గంట కోసం చెప్పింది. శోధిని ఇక రోజంతా తిరుగుతుంది గనుక ఆ నియమం లేదని మామ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, తనకు కూడా. సిగ్గుతో హైమ కళ్లలో నీళ్లు తిరిగాయి. అగ్గిపుల్ల గీయబోతే మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. బయట శోధిని ఇంకా మోగుతోంది.

"ఆగు. నువ్విక్కడుంటే మరి పైన ఎవులున్నారు?"

"ఎవులూ నేరు మామ్మా. ఇప్పుడు దానంతటదే తిరుగుతాది."

మామ్మ హైమ చెయ్యి వదిలేసి గుమ్మం వైపు చూసింది.

"మరి అది దగ్గరికొచ్చినప్పుడల్లా గుమ్మంలోకెల్లి సెయ్యూపినాను కదే. ఎవులికి?"

హైమ ఆ చల్లని చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది.

"నాకే మామ్మా. ఆలీసంగా వచ్చినాను. తిట్టు."

మామ్మ తిట్టలేదు. పొయ్యి వైపు గడ్డంతో చూపించి, "ఇంక ఎలిగించు" అంది.