లోపలినుంచి అరిగిన ఇత్తడి గుండు

ఇంటింటికీ కలర్ టీవీ వచ్చి, పాత ఇత్తడంతా వీధిన పడ్డ రోజులవి. చంద్రపూర్‌లో కనకరాజు అని పాత ఇత్తడి కొనే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఏ పాత సామాను తెచ్చినా ఇట్టే పేరు చెప్పేవాడు. ఆయన విద్య చాలా తేలిక, చూడండి: చెయ్యి పడ్డచోట లోహం అరుగుతుంది. అరుగుదలను బట్టి వాడకం, వాడకాన్ని బట్టి పేరు, పేరును బట్టి ధర. భార్య స్వరూప పోయి మూడేళ్లు. ఇంటినిండా సామానే గానీ మనిషి అలికిడి లేదు. బేరానికి వచ్చేవాళ్లే తప్ప, ఊరికే వచ్చి కాసేపు కూర్చునేవాళ్లు లేరు.

మే నెల. మిట్టమధ్యాహ్నం. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. మాజ్రి బొగ్గు గనుల క్వార్టర్ల నుంచి ఆగమ్మ మూటతో వచ్చింది.

“గింత ఎండల ఏంది ఆగమ్మక్కా? గనిల బొగ్గు సాలదని నువ్వు గూడ మాడుతున్నవా?”

“నీ నోరు పాడుగాను తమ్మీ! మా అత్త సచ్చిపోయింది గదా, ఆమె అటుక మీద దొరికింది గిది. ఇంట్ల ఉంచాల్నా, పారెయ్యాల్నా... ఏందో నువ్వే జెప్పు. బజార్ల మందులు కొనుక్కొని వస్త.”

ఆమె వెళ్లాక మూట విప్పాడు. కొబ్బరికాయంత ఇత్తడి గుండు. మూత లేదు, అతుకు లేదు. పక్కన వేలు పట్టేంత ఒక్క బెజ్జం. కనకరాజు కళ్లజోడు సర్దుకున్నాడు. దీపమా? కాదు. తూకపు రాయా? అదీ కాదు. పైన పచ్చటి చిలుము దళసరిగా పట్టింది, ఏళ్లుగా చెయ్యే పడలేదు. బెజ్జంలోకి టార్చి వేశాడు. లోపల మాత్రం అద్దంలా మెరుస్తోంది. అరిగి... అరిగి...

అరిగింది లోపలినుంచి.

కరెంటు పోయింది. కూలర్ ఆగింది. దాని తడి గడ్డి వాసన. తన ఊపిరి తనకే వినబడేంత నిశ్శబ్దం. అరుగుదల ఎంత లోతో తడమనిదే పేరు చెప్పే అలవాటు లేదాయె. చిటికెన వేలు బెజ్జంలో పెట్టాడు.

ఎవరో పట్టుకున్నారు.

చల్లగా... మెత్తగా... పెళ్లిపీటల దగ్గర పట్టుకున్నట్టు.

“స్వరూపా...” గొణిగాడు. పట్టు బిగిసింది.

స్వరూపది బీడీలు చుట్టీ చుట్టీ గరుకెక్కిన చెయ్యి. ఇది కాదు. ఆ సంగతి ఆయనకు తెలిసిపోయింది. లాగితే వేలు వచ్చేసేదే. కానీ మూడేళ్లయింది, ఒకరు తన చెయ్యి పట్టుకుని...

లాగలేదు. అదే లాగింది.

గుండుతో సహా లేచాడు. ఒక అడుగు. రెండు. లోపలి గది వైపు. మూడు... నాలుగు... వేలు మొద్దుబారింది. ఐదు... ఆరు...

“తమ్మీ!” తలుపు చప్పుడు.

పట్టు వదిలింది. ఆగమ్మ లోపలికి వచ్చింది. “ఏందో దెలిసిందా?”

కనకరాజు గుండును రెండు చేతులా పొదువుకున్నాడు. “తెల్వలేదక్కా. గిది నా దగ్గర్నే ఉండనియ్యి.”

 ఆగమ్మ చూపు నేల మీద ఉంది. పొద్దున ఊడ్చినా మళ్లీ పరుచుకున్న బొగ్గు ధూళిలో కనకరాజు అడుగులు ఆరు. వాటి పక్కనే చిన్న చిన్న పాదాలవి... ఏడు.

ఏడోది గడప దాటి లోపలి గదిలో పడింది. అక్కణ్నుంచి తిరిగొచ్చిన జాడ లేదు.